జంతువులలో పిండాభివృద్ధి తొలి దశలు

ఫలదీకరణం చెందిన ఒక్క కణం అనేక కణాలుగా విడిపోయి, ఆ కణాలు పొరలుగా సర్దుకొని, తల ఎటో తోక ఎటో, వెన్ను ఏదో పొట్ట ఏదో తెలిసే రూపానికి వచ్చేవరకు జరిగే మార్పుల వరుసను పిండాభివృద్ధి తొలి దశలు అంటారు. ఫలదీకరణం, విదళనం, బ్లాస్టులా, గాస్ట్రులా, నాడీ నాళ నిర్మాణం అన్నవి ఈ వరుసలోని ముఖ్య ఘట్టాలు. వాటి తర్వాత వచ్చే అవయవ నిర్మాణం విడిగా చెప్పుకోవలసినంత విస్తారమైన విషయం. వెన్నెముక ఉన్న జంతువులన్నిటిలోనూ, లేని వాటిలో చాలావాటిలోనూ ఘట్టాల క్రమం ఇంచుమించు ఇదే. అయినా పైకి కనిపించే తీరు ఒక జంతువుకూ మరొకదానికీ ఎంతగా మారుతుందంటే, కప్ప గుడ్డులో విదళనాన్ని చూసి అలవాటుపడిన కన్ను కోడిగుడ్డులో జరుగుతున్నదీ అదే పని అని పోల్చుకోలేదు. ఈ తేడాకు చాలావరకు కారణం తల్లి గుడ్డులో పెట్టి పంపిన సొన.

పిండం అనే మాటకు ముద్ద అని అర్థం. గర్భస్థ శిశువు ఎదుగుదలను చెప్పే గర్భోపనిషత్తు ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, పక్షానికి పిండం, రెండు నెలలకు శిరస్సు అని వరుస చెబుతుంది. వారం వయసున్న మానవ పిండం నిజంగానే ద్రవం నిండిన బుడగ రూపంలో ఉంటుంది కాబట్టి ఈ రెంటినీ జతపరచాలని ఉబలాటపడేవారున్నారు. కానీ ఆ బుడగ మిల్లీమీటరులో అయిదో వంతును మించదు, పైగా అప్పటికి అది గర్భాశయంలో ఇంకా నిలదొక్కుకుంటూ ఉంటుంది. కనుక ఆ పేర్లను పరిశీలనగా కాక ఉపమానంగా తీసుకోవడమే ఉచితం. పరిశీలన అనదగినది క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ చేశాడు. పొదుగులో ఉన్న కోడిగుడ్లను ఒక్కో రోజు ఒక్కొక్కటిగా పగలగొట్టి చూసి, మూడు రోజులు గడిచాక తెల్లసొనలో నెత్తుటి చుక్కలా గుండె కనిపిస్తుందనీ, అది ప్రాణమున్నదానిలా ఎగిరెగిరి పడుతుందనీ ఆయన రాశాడు. ఆ తర్వాత 2,000 ఏళ్లపాటు పిండోత్పత్తి శాస్త్రానికి కోడిగుడ్డే ప్రధాన గ్రంథం.

అండం, సొన

శరీరంలోని మామూలు కణాలతో పోలిస్తే అండం చాలా పెద్దది. పిండం సొంతంగా ఆహారం సంపాదించుకునే వరకు, లేదా తల్లి రక్తంతో లంకె కుదిరే వరకు అయ్యే ఖర్చంతా దానిలోనే ఉండాలి. అందులో కంటికి కనిపించే భాగం సొన. ప్రొటీన్లూ కొవ్వులూ కలిసిన ఈ నిల్వను శాస్త్ర పరిభాషలో పీతకం అంటారు. కనిపించని భాగం అంతకంటే ముఖ్యమైనది. అండాశయంలో గుడ్డు పెరుగుతున్న రోజుల్లోనే తల్లి జన్యువులనుంచి తయారైన సందేశక ఆర్‌ఎన్‌ఏలు, ప్రొటీన్లు, వాటిని పనిలోకి దించే రైబోజోములు కణద్రవ్యంలో సిద్ధంగా ఉంటాయి. పిండం మొదటి గంటలనో, మొదటి ఒకటి రెండు రోజులనో ఈ తల్లి సరంజామాతోనే గడుపుతుంది. తండ్రి జన్యువులు లోపలికి వచ్చినా వాటి మాట అప్పుడే చెల్లదు.

సొన ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదాన్నిబట్టి అండాలను వర్గీకరిస్తారు. ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్డులోనూ, మనిషితో సహా చాలా క్షీరదాల అండంలోనూ సొన కొద్దిగా, అంతటా సమంగా ఉంటుంది. కప్ప గుడ్డులో అది ఒక మోస్తరుగా ఉండి కింది సగంలో పేరుకుంటుంది. చేపల్లో, సరీసృపాల్లో, పక్షుల్లో గుడ్డంతా సొనే అయి, అసలు జీవపదార్థం పైన చిన్న బిళ్లలా మిగులుతుంది. కీటకాల్లో సొన గుడ్డు నడుమ చేరుతుంది. సొన తక్కువగా, కేంద్రకం దగ్గరగా ఉన్న కొసకు జంతు ధ్రువమనీ, సొన బరువుగా ఉన్న ఎదుటి కొసకు శాకీయ ధ్రువమనీ పేర్లు. తొలకరి వానలకు గుంటల్లో కప్పలు పెట్టిన గుడ్ల జిగురు ముద్దను దోసిట్లోకి తీసుకుంటే ఈ ధ్రువాలు సూక్ష్మదర్శిని లేకుండానే కనిపిస్తాయి: చాలా కప్ప జాతుల గుడ్డుకు ఒక సగం ముదురు రంగులో, మరో సగం పాలిపోయి ఉంటుంది. ఫలదీకరణం జరిగిన కాసేపటికి గుడ్డు తన పైపొర లోపల వదులై, బరువైన సొన వైపు కిందికి దిగేలా తిరుగుతుంది. అప్పుడు ముద్దలోని గుడ్లన్నీ నల్లటి ముఖాన్ని ఆకాశానికి చూపుతాయి. పల్లె పిల్లలకు తెలిసిన ఈ నల్లచుక్కల జిగురే ప్రయోగశాలల్లో ఈ శాస్త్రాన్ని నూరేళ్లు మోసింది.

ఫలదీకరణం

శుక్రకణం, అండం కలిసి, రెండు కేంద్రకాలు ఒకటై సంయుక్తబీజం ఏర్పడటమే ఫలదీకరణం. ఈ కలయికను 1875లో జర్మన్ శాస్త్రవేత్త ఆస్కార్ హెర్ట్‌విగ్ మధ్యధరా సముద్రపు సీ అర్చిన్‌లో కళ్లారా చూశాడు. ఆయన ఆ జీవిని ఎంచుకోవడానికి కారణం సులువైనది: దాని గుడ్డు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, గాజులా పారదర్శకంగా ఉంటుంది, తల్లి శరీరం బయట సముద్రపు నీటిలోనే ఫలదీకరణం చెందుతుంది. ఒక్క శుక్రకణం కేంద్రకమే అండ కేంద్రకంతో కలుస్తుందని, సంతానానికి తల్లిదండ్రులిద్దరి నుంచీ అందే వారసత్వం కేంద్రకం ద్వారా వస్తుందని చెప్పడానికి ఈ పరిశీలన పునాది వేసింది.

గుడ్డు చుట్టూ వేల శుక్రకణాలు మూగినప్పుడు ఒక్కటే లోపలికి రావాలన్నది చిన్న సమస్య కాదు. రెండో శుక్రకణం చొరబడితే క్రోమోజోముల లెక్క తప్పి, పిండం కొద్ది విభజనలకే చెడిపోతుంది. సీ అర్చిన్ గుడ్డు దీనికి రెండు గడియలు వేస్తుంది. మొదటి శుక్రకణం తాకిన ఒకటి నుంచి మూడు సెకన్లలో సోడియం అయాన్లు లోపలికి రావడంతో గుడ్డు పైపొర మీది విద్యుత్ పీడనం సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల నుంచి ప్లస్ 20 దాకా లేస్తుంది, ఆ స్థితిలో ఇంకో శుక్రకణం దానితో కలవలేదు. ఇది తాత్కాలికమైన ఏర్పాటు. ఈలోగా శుక్రకణం తాకిన చోట మొదలైన కాల్షియం అల ఒక ఒడ్డునుంచి మరో ఒడ్డుకు దాదాపు అర నిమిషంలో పాకుతూ, పైపొర కింద కాపున్న సుమారు 15,000 సూక్ష్మ కణికలను పగలగొడుతుంది. వాటిలోని పదార్థాలు బయటికి చిమ్మి, గుడ్డును అంటిపెట్టుకొని ఉన్న పొరను పైకి లేపి గట్టిపరుస్తాయి. సూక్ష్మదర్శిని కింద చూసేవారికి గుడ్డు చుట్టూ ఒక వెలుగు వలయం లేచినట్లు ఉంటుంది, ఒక నిమిషంలోపే. మానవ అండంలో విద్యుత్ గడియ లేదు, కాల్షియం గడియ ఉంది. పక్షుల పద్ధతి మరొకటి: అక్కడ అనేక శుక్రకణాలు గుడ్డులో ప్రవేశిస్తాయి, కాని ఒక్కదాని కేంద్రకమే అండ కేంద్రకంతో కలిసి మిగిలినవి కరిగిపోతాయి.

కాల్షియం అల చేసేది కాపలా పని ఒక్కటే కాదు. నిద్రలో ఉన్న గుడ్డును లేపి విభజనకు సిద్ధం చేసేది కూడా అదే. అందుకే 1899లో జాక్వెస్ లోబ్ శుక్రకణం అవసరం లేకుండా లవణ ద్రావణాల మార్పుతోనే సీ అర్చిన్ గుడ్లను విభజన బాట పట్టించగలిగాడు. తేనెటీగల్లో ఇది ప్రకృతి నియమమే: ఫలదీకరణం లేని గుడ్లనుంచి పోతుటీగలు పుడతాయి. క్షీరదాల్లో మాత్రం ఈ దారి మూసుకుపోయింది. కొన్ని జన్యువులు తల్లి నుంచి వస్తేనే, మరికొన్ని తండ్రి నుంచి వస్తేనే పనిచేసేలా ముద్రలు పడి ఉంటాయని 1984లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు తేల్చాయి.

విదళనం

సంయుక్తబీజం వరుసగా విభజన చెందుతూ చిన్న చిన్న కణాలుగా మారడాన్ని విదళనం అంటారు. మామూలు కణ విభజనలో కణం పెరిగి, రెట్టింపై, ఆపైన రెండవుతుంది. విదళనంలో పెరుగుదల అన్నది లేదు. రొట్టెను ముక్కలు చేసినట్లు, ఉన్న ద్రవ్యాన్నే పంచుకుంటూ పోవడమే. పెరిగే విరామం లేనందువల్లే వేగం వస్తుంది. ఒక కప్ప గుడ్డు 43 గంటల్లో 37,000 కణాలు కాగలదు. పండ్ల మీద ముసిరే డ్రాసోఫిలా ఈగ గుడ్డులో కేంద్రకాలు దాదాపు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. దీనికి పూర్తి విరుద్ధంగా, ఏ తొందరా లేనట్లు, మానవ సంయుక్తబీజం మొదటిసారి రెండు కావడానికే సుమారు ఒక రోజు పడుతుంది.

సొన తక్కువైన గుడ్డు పూర్తిగా రెండు ముక్కలవుతుంది. దీన్ని పూర్ణభంజిత విదళనం అంటారు. సీ అర్చిన్‌లో మొదటి రెండు విదళనాలు నిలువుగా, మూడోది అడ్డంగా జరిగి, ఎనిమిది సమానమైన కణాలు వస్తాయి. కప్ప గుడ్డులోనూ ఇదే వరుసే గాని, మూడో గాటు సొనను తప్పించుకొని పైకి జరుగుతుంది. అందువల్ల పైన నాలుగు చిన్న కణాలు, కింద నాలుగు పెద్ద కణాలు ఏర్పడతాయి. ఆ తర్వాత పైసగం చకచకా, కింది సగం నింపాదిగా విడిపోతుంటాయి. కేంద్రకానికి, విభజన యంత్రాంగానికి సొన అడ్డు తగులుతుందన్న సూత్రం ఈ ఒక్క గుడ్డులోనే కనిపిస్తుంది.

నత్తలు, వానపాములు మొదలైన వాటిలో మూడో విదళనం నుంచి గాటు ఏటవాలుగా పడి, పై కణాలు కింది కణాల సందుల మీద మెలితిరిగి కూర్చుంటాయి. ఇది సర్పిల విదళనం. ఆ మెలిక కుడికా ఎడమకా అన్నదే తర్వాత నత్త పెంకు ఎటు చుట్టుకోవాలో నిర్ణయిస్తుంది. విచిత్రమేమంటే ఈ దిశ నత్త సొంత జన్యువులది కాదు, దాని తల్లి జన్యువులది. 1923లో స్టర్టెవాంట్ ఈ సంగతిని చెరువు నత్తల వంశక్రమం నుంచి విడమరచాడు. 2009లో జపాన్ పరిశోధకులు ఎనిమిది కణాల దశలో ఉన్న నత్త పిండాన్ని సన్నని గాజు పుల్లలతో నెట్టి మెలిక మార్చగా, పెంకే కాక లోపలి అవయవాలు కూడా ఎదురు దిశలో ఏర్పడ్డాయి. మన పూజామందిరాల్లో అపురూపంగా దాచుకునే దక్షిణావర్త శంఖం కూడా సాటి శంఖాలకు ఎదురుగా చుట్టుకున్న ఒక సముద్ర నత్త గుల్లే.

సొన విపరీతంగా ఉన్న గుడ్లలో గాటు అడుగుదాకా పోదు. పైనున్న జీవపదార్థపు బిళ్ల మాత్రమే ముక్కలవుతుంది. దీన్ని చక్రాభ విదళనం అంటారు. కృష్ణా, గోదావరి జిల్లాల చేపల హేచరీల్లో వానాకాలమంతా నడిచే పని ఈ దశ మీదే ఆధారపడి ఉంది. నిలవ నీటి చెరువుల్లో గుడ్లు పెట్టని రోహు వంటి మేలుజాతి చేపలకు పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించే పద్ధతిని 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి విజయవంతం చేశాక ఈ పరిశ్రమకు దారి పడింది. విడుదలైన గుడ్డు నీరు పీల్చుకొని గాజుపూసలా ఉబ్బుతుంది; దాని నడుమ సొన ఉండ, ఆ ఉండ మీద టోపీలా కూర్చున్న బిళ్ల. గంట తిరక్కముందే బిళ్ల రెండై, నాలుగై, అలా రెట్టిస్తూ పోతుంది. 27–30 డిగ్రీల నీటిలో 15–18 గంటలకు పిల్ల బయటపడుతుంది. ఫలదీకరణం కాని గుడ్లు తెల్లగా, సున్నపు చుక్కల్లా మారతాయి కనుక మంచివీ చెడ్డవీ చూపుతోనే తేలతాయి.

కోడి సంగతి మరికొంచెం వివరంగా చూడదగినది. గుడ్డు పెట్టడానికి సుమారు ఒక రోజు ముందే, తల్లి కడుపులో పెంకు కట్టకముందే ఫలదీకరణం జరిగిపోతుంది. తెల్లసొన, పొరలు, పెంకు ఒకదానిపై ఒకటి చేరుతున్న ఆ గంటల్లోనే విదళనం సాగుతూ ఉంటుంది. కాబట్టి నాటుకోడి గుడ్డును పెట్టీ పెట్టగానే పగలగొట్టినా, పచ్చసొన మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల పాలిపోయిన గుండ్రని మచ్చలో 60 వేల దాకా కణాలు ఉండవచ్చు. దుకాణంలో అమ్మే ఫారం గుడ్డు సాధారణంగా పుంజు లేని గూటిలో పెట్టినది, దాని మీది తెల్లచుక్క చిన్నగా, అంచు తేలకుండా ఉంటుంది. ఫలదీకరణం చెందిన గుడ్డులో మచ్చ వలయంలా, మధ్యలో పలచగా, అంచున చిక్కగా కనిపిస్తుంది. గుడ్డు బయటపడి చల్లబడగానే పిండం ఉన్నచోటే ఆగిపోతుంది, చావదు. పెట్ట రోజుకొకటి చొప్పున పది పన్నెండు గుడ్లు పెట్టి అప్పుడు పొదుగుకు కూర్చున్నా పిల్లలన్నీ 21వ రోజుకు ఇంచుమించు ఒక్కసారే బయటపడటానికి కారణం ఈ విరామమే. హేచరీలు గుడ్లను చల్లని గదిలో కొద్ది రోజులు నిల్వ ఉంచగలగడం కూడా దీనివల్లే.

కీటకాల విదళనం వేరే లోకం. అక్కడ మొదట కణాలు విడిపోవు, కేంద్రకాలు మాత్రమే ఒకే కణద్రవ్యంలో వరసగా విభజన చెంది, అంచుకు చేరి, ఆ తర్వాత వాటి మధ్య గోడలు లేస్తాయి. డ్రాసోఫిలాలో ఇలా 13 విభజనలయ్యాక, మూడు గంటలకు సుమారు 6,000 కణాలున్న ఒక పొర సిద్ధమవుతుంది.

విదళనం చివర సొన తక్కువైన పిండాలు లోపల ద్రవం నిండిన బోలు బంతిగా మారతాయి. అదే బ్లాస్టులా, దాని కుహరం సంయుక్తబీజ కుహరిక. అంతకు ముందు కణాలు కుదురుగా ఉన్న గట్టి ముద్దను మారులా అంటారు. పట్టుపురుగుల మేత చెట్టయిన మల్బరీ పండును పోలినందుకు వచ్చిన లాటిన్ పేరది. ఈ దశలోనే అధికారం చేతులు మారుతుంది. ఆఫ్రికా కప్ప జెనోపస్‌లో 12 విభజనలు పూర్తయి సుమారు 4,000 కణాలైనప్పుడు, అప్పటిదాకా ఒక్కతాళంలో సాగిన విభజనల వేగం తగ్గి, పిండం తన సొంత జన్యువులను చదవడం మొదలుపెడుతుంది. ఆ క్షణాన్ని నిర్ణయించేది గడచిన కాలం కంటే కేంద్రకాలకూ కణద్రవ్యానికీ మధ్య నిష్పత్తి అని 1982లో వెలువడిన ప్రయోగాలు చూపాయి. మనిషిలో ఈ మార్పు నాలుగు, ఎనిమిది కణాల మధ్యనే జరుగుతుంది.

గాస్ట్రులా

బ్లాస్టులాలో కణాలు ఉన్నచోటే విడిపోయాయి. గాస్ట్రులాలో అవి కదులుతాయి. బంతి గోడలోని కొంత భాగం లోపలికి మడత పడి, పాకి, జారి, పిండం మూడు పొరలవుతుంది. బయటి పొర బహిస్త్వచం. దానినుంచి చర్మం పైపొర, నాడీ మండలం వస్తాయి. లోపలి పొర అంతస్త్వచం. జీర్ణనాళపు లోగోడ, కాలేయం, క్లోమం, ఊపిరితిత్తుల లోపలి పొర దానివి. నడుమ చేరిన మధ్యస్త్వచం ఎముక, కండరం, రక్తం, గుండె, మూత్రపిండాలనిస్తుంది. జెల్లీ చేపల వంటి వాటికి రెండే పొరలు.

ఈ పొరలను మొదట గుర్తించినవాడు క్రిస్టియన్ పాండర్. 1817లో ఆయన జర్మనీలో వేలాది కోడిగుడ్లను గంటగంటకూ తెరిచి చూసి, పిండం ఆకులవంటి పొరల నుంచి పుడుతుందని వర్ణించాడు. డాల్టన్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలు ఆ వర్ణనకు ప్రాణం పోశాయి. అంతకు 58 ఏళ్ల ముందు, 1759లో, కాస్పర్ వోల్ఫ్ అవయవాలు గుడ్డులో ముందే చిన్నవిగా ఉండి పెరగవనీ, లేనిదాన్నుంచి క్రమంగా ఏర్పడతాయనీ వాదించాడు. కోడిపిల్ల పేగు మొదట చదునైన పొరగా ఉండి, గొట్టంలా మడత పడటాన్ని ఆ తర్వాత చూపాడు. పాండర్ మిత్రుడు కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేర్ 1827లో కుక్కలో క్షీరద అండాన్ని కనుగొని, పొరల సిద్ధాంతాన్ని వెన్నెముక జంతువులన్నిటికీ విస్తరించాడు. గాస్ట్రులా అనే పేరు పెట్టినది హేకెల్. పిండం తన పూర్వికుల చరిత్రనంతా తిరిగి నడుస్తుందన్న ఆయన సూత్రం పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం నిలిచింది గాని నేటి శాస్త్రం దాన్ని ఆ రూపంలో ఒప్పుకోదు, ఆయన గీసిన పిండాల బొమ్మల్లో పోలికలను అతిగా చూపారన్న విమర్శ బతికుండగానే వచ్చింది.

సీ అర్చిన్‌లో మడత తేలిగ్గా అర్థమవుతుంది: గాలి తగ్గిన రబ్బరు బంతిని బొటనవేలితో నొక్కినట్లు శాకీయ ధ్రువం లోపలికి గుంటపడి, గొట్టమై, పైగోడ దాకా సాగుతుంది. ఈ గొట్టం ఆద్యాంత్రం, అంటే తొలి పేగు. దాని ద్వారం ఆది రంధ్రం. ఈ రంధ్రం మలద్వారంగా మిగిలి, నోరు తర్వాత వేరుచోట తెరుచుకునే జంతువులు ద్వితీయముఖులు. సీ అర్చిన్, మనిషి ఇద్దరూ ఈ శాఖలోనివారే. కీటకాలు, నత్తలు, వానపాములు ఆద్యముఖులు. ఆ పేరు సూచించేట్లు వాటన్నిటిలోనూ రంధ్రమే నోరవుతుందని చెప్పలేం, మినహాయింపులు చాలానే ఉన్నాయి.

కప్పలో అడుగున సొన కణాల బరువు అడ్డం కనుక గుంట పడదు. గుడ్డు నడుము కిందుగా ఒక పక్కన నెలవంకలాంటి సన్నని గీత తెరుచుకుంటుంది. పై కణాలు ఆ గీత అంచు మీదుగా, చాప చుట్టినట్లు, లోపలికి తిరిగి పాకుతాయి. ఆ అంచును పృష్ఠ పెదవి అంటారు. ఈ గీత ఎక్కడ పడాలో శుక్రకణం ప్రవేశించిన చోటే నిర్ణయిస్తుంది: శుక్రకణం దిగాక గుడ్డు పైపొర సుమారు 30 డిగ్రీలు జారి, ప్రవేశ స్థానానికి ఎదురుగా బూడిద రంగు చంద్రవంక బయటపడుతుంది, రాబోయే వీపు అటువైపే.

కోడి పిండానికి బంతి ఆకారమే లేదు, సొన మీద పరిచిన పలచని బిళ్ల అది. కణాలు బిళ్ల నడిమికి రెండు పక్కల నుంచి చేరి, ఒక గాడిలోంచి కిందికి దిగుతాయి. ఆదిమ రేఖ అనే ఈ గాడి పొదిగిన 18 గంటలకు పూర్తి పొడవుకు వస్తుంది. దాని ముందు కొసను హెన్సెన్ కణుపు అంటారు. 24 గంటలకు వెన్నుపూసలకు మూలమైన మధ్యస్త్వచపు దిమ్మల మొదటి జత కనిపిస్తుంది, తర్వాత దాదాపు 90 నిమిషాలకొక జత చేరుతుంది. 33 గంటల ప్రాంతంలో గుండె కదలడం మొదలవుతుంది; అరిస్టాటిల్ చూసిన ఎర్ర చుక్క అదే, కంటికి కనిపించేంత ఎరుపు రావడానికి మరో రోజు పట్టిందంతే.

కణం భవితవ్యం

ఒక కణం నాడి కావాలో చర్మం కావాలో దానిలోపలి సరుకు చెబుతుందా, పక్కనున్న కణాలు చెబుతాయా అన్నది ఈ శాస్త్రంలో అతి పెద్ద వాదు. 1888లో విల్హెల్మ్ రూ రెండు కణాల దశలో ఉన్న కప్ప పిండంలో ఒక కణాన్ని కాల్చిన సూదితో పొడిచి చంపాడు. మిగిలిన కణం సగం పిండంగానే ఎదిగింది. ప్రతి కణానికీ దాని వాటా ముందే పంచి ఉందని ఆయన తేల్చాడు. మూడేళ్లకు హాన్స్ డ్రీష్ రెండు కణాల సీ అర్చిన్ పిండాలను సీసాలో పెట్టి గట్టిగా కుదిపి విడదీయగా, ఒక్కో కణమూ చిన్నదైనా సంపూర్ణమైన డింభకంగా ఎదిగింది. ఒకరిది తప్పని చెప్పడానికి లేదు. రూ ప్రయోగంలో చచ్చిన కణాన్ని తీసెయ్యకుండా పక్కనే ఉంచడం వల్ల బతికిన కణం తనకింకా జోడు ఉన్నట్లే నడుచుకుంది. డ్రీష్ మాత్రం తన ఫలితానికి యాంత్రికమైన వివరణ దొరకదని నిరాశపడి, చివరకు ప్రయోగశాల వదిలి తత్త్వశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

రెండు పద్ధతులూ ప్రకృతిలో ఉన్నాయి. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో ప్రతి కణం వంశావళీ ఖాయం: మొత్తం 1,090 శరీర కణాలు పుడతాయి, వాటిలో 131 నియమం ప్రకారం చనిపోతాయి, పెద్ద పురుగులో 959 మిగులుతాయి. ఈ లెక్క తేల్చిన పనికి 2002లో బ్రెన్నర్, సల్‌స్టన్, హోర్విట్జ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. డ్రాసోఫిలా గుడ్డు ముందు కొసన తల్లి కట్టిపెట్టిన బైకాయిడ్ అనే సందేశం ప్రొటీనుగా మారి వెనక్కి పలచబడుతూ వ్యాపిస్తే, దాని గాఢతను బట్టి కేంద్రకాలు తామున్నది తల దగ్గరో నడుము దగ్గరో తెలుసుకుంటాయి.

పొరుగు కణాల మాటకు బలమైన సాక్ష్యం జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ స్పీమన్, ఆయన విద్యార్థిని హిల్డె మాంగోల్డ్ ఇచ్చారు. అంతకుముందే స్పీమన్ పసిపిల్ల తలవెంట్రుకతో న్యూట్ అనే తోక ఉభయచరం గుడ్డుకు ఉరి బిగించి, ఒక గుడ్డునుంచి కవలలను రప్పించాడు. చంద్రవంక భాగం రెండు సగాలకూ దక్కితేనే రెండూ బతికాయి. దక్కని సగం పొట్ట ముద్దగా మిగిలిపోయింది. మాంగోల్డ్ ఒక న్యూట్ జాతి గాస్ట్రులా పృష్ఠ పెదవిని కోసి, రంగులో తేడా ఉన్న మరో జాతి గాస్ట్రులా పొట్ట వైపు అతికించింది. అతికిన చోట రెండో వెన్ను, రెండో నాడీ నాళం లేచి, పొట్టకు పొట్ట ఆనించిన జంటలా రెండు పిండాలు కనిపించాయి. రంగును బట్టి చూస్తే రెండో నాడీ నాళంలో ఎక్కువ కణాలు ఆతిథ్యమిచ్చిన పిండానివే; పొట్ట చర్మం కావలసిన కణాలు వచ్చిన ముక్క మాట విని నాడి అయ్యాయన్నమాట. యాంటీబయాటిక్‌లు లేని ఆ రోజుల్లో వందల ప్రయత్నాల్లో బతికి బట్టకట్టినవి వేళ్ల మీద లెక్కించదగినన్నే. 1924లో ఈ వ్యాసం వెలువడిన ఏడాదే మాంగోల్డ్ వంటింట్లో స్టవ్ ప్రమాదంలో 26వ ఏట మరణించింది. 1935లో నోబెల్ బహుమతి స్పీమన్ ఒక్కడికే అందింది.

ఆ పెదవికి వ్యవస్థాపకం అని పేరు పెట్టారు. దానిలోని మాట ఏ పదార్థమో వెదుకుతూ 60 ఏళ్లు గడిచాయి. 1990లలో నోగిన్, కార్డిన్ అనే ప్రొటీన్లు దొరికాక తేలినది ఎవరూ ఊహించనిది: బహిస్త్వచానికి సహజంగా దక్కేది నాడీ స్వభావమే, చుట్టుపక్కల తిరిగే బీఎంపీ అనే సంకేతం దాన్ని చర్మం కమ్మంటుంది. పెదవి ఆ సంకేతాన్ని పట్టి ఆపుతుంది.

నాడీ నాళం

మూడు పొరలు సర్దుకున్నాక వీపు మధ్యన బహిస్త్వచం మందమై నాడీ ఫలకం అవుతుంది. దాని అంచులు రెండు వైపులా గట్టులా లేచి, ఒకదానికొకటి వంగి, వీపు మీద కలుసుకొని గొట్టం కడతాయి; ముందు భాగం మెదడు, వెనుక భాగం వెన్నుపాము. అంచులు కలిసిన చోట జారిపడిన నాడీ శిఖర కణాలు శరీరమంతా వలసపోయి, చర్మపు రంగు కణాలు, ముఖపు ఎముకలు, పేగు గోడలోని నాడులు వంటి ఒకదానికొకటి పొంతనలేని వాటికి మూలమవుతాయి.

మనిషిలో ఈ గొట్టం మధ్యన మొదలై రెండు కొసలకూ కుట్టుకుంటూ పోయి, ఫలదీకరణం జరిగిన 28వ రోజుకు పూర్తిగా మూతపడుతుంది. కింది కొస మూసుకోకపోతే వెన్నుచీలిక, పై కొస మూసుకోకపోతే మెదడు లేని శిశువు. తల్లికి తాను గర్భవతినని అనుమానం కలిగే రోజులకే ఈ పని ముగింపుకు వస్తుంది కాబట్టి, వైద్యం ముందే మొదలుకావాలి. 1991లో బ్రిటన్‌లోని వైద్య పరిశోధన మండలి వెలువరించిన ఫలితాల ప్రకారం, ఇలాంటి శిశువును ఒకసారి కన్న తల్లులు గర్భం దాల్చడానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే అదే లోపం తిరిగి వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940ల నడుమ ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అప్పట్లో దాని వాడకం రక్తహీనతకు, స్ప్రూ అనే పేగు జబ్బుకు. 1948లో కన్నుమూసిన సుబ్బారావుకు నాడీ నాళం ప్రసక్తి తెలిసే అవకాశమే లేదు.

క్షీరదాల దారి

చాలా క్షీరదాల పిండానికి సొన లేనట్లే, గర్భాశయంలో చోటు సంపాదించుకోవాలి; అందుకే అది తన శరీరం కంటే ముందు తన ఆధారాన్ని కడుతుంది. ఎనిమిది కణాల దశ తర్వాత కణాలు ఒకదానికొకటి గట్టిగా హత్తుకుంటాయి. మనిషిలో అయిదో రోజుకు బ్లాస్టోసిస్ట్ సిద్ధం: వెలుపలి కణాల పొర మావికి మూలం, లోపల ఒక పక్కన గుమిగూడిన కొద్ది కణాలు శిశువుకు మూలం. ఆరేడు రోజులకు అది గర్భాశయ గోడలోకి దిగబడుతుంది. సొన మీద పరిచిన పక్షి పిండంలాగే రెండో వారంలో ఇదీ చదునైన బిళ్లగా మారి, 15వ రోజు ప్రాంతంలో ఆదిమ రేఖ వేస్తుంది. కింద సొన లేకపోయినా సొన ఉన్నట్లే ప్రవర్తించే ఈ బిళ్ల, సరీసృపాలవంటి పూర్వికుల గుర్తు.

ఆదిమ రేఖ పడేవరకు పిండం రెండు కాగలదు. మొదటి మూడు రోజుల్లో విడిపోతే ఒకే పోలికల కవలలకు వేర్వేరు మావులు, నాలుగు నుంచి ఎనిమిది రోజుల మధ్య విడిపోతే ఒకే మావి, అంతకంటే ఆలస్యమైతే ఒకే ఉమ్మసంచి. రెండు వారాల తర్వాత అసంపూర్ణంగా విడిపోతే అవిభక్త కవలలు. ప్రయోగశాలలో మానవ పిండాన్ని 14 రోజులకు మించి పెంచరాదని బ్రిటన్ 1990లో చట్టం చేయడానికి ఆధారం ఈ రేఖే. 1978 జులై 25న ఇంగ్లండులో, అక్టోబరు 3న కలకత్తాలో టెస్ట్‌ట్యూబ్ శిశువులు పుట్టిన తర్వాత అలాంటి హద్దు ఎక్కడో ఒకచోట గీయక తప్పలేదు.

ఆగిన పిండాలు

తొలి దశల్లో పిండం ఆగి వేచి ఉండటం చాలా జంతువులకు తెలిసిన విద్య. కొన్ని జింకల్లో, గబ్బిలాల్లో బ్లాస్టోసిస్ట్ గర్భాశయంలో నెలల తరబడి తేలుతూ, అనువైన రుతువు వచ్చాకే గోడకు అంటుకుంటుంది. హిందూపురం, మడకశిర ప్రాంతాల్లో పెంచే బైవోల్టిన్ రకం పట్టుపురుగు గుడ్డు పసుపు రంగులో పుట్టి, రెండు రోజుల్లో గోధుమరంగుకు తిరుగుతుంది. లోపల గాస్ట్రులా దశ దాటీ దాటని పిండం దీర్ఘనిద్రలోకి జారుకుందనడానికి ఆ రంగే గుర్తు. వదిలేస్తే చలికాలం గడిచేదాకా అది లేవదు. రైతుకు అంత ఆగే వీలు లేదు కనుక, గ్రెయినేజ్ అనే పట్టుగుడ్ల కేంద్రాల్లో రంగు తిరగకముందే, గుడ్డు పెట్టిన 20 గంటల ప్రాంతంలో, 46 డిగ్రీల వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అయిదారు నిమిషాలు ముంచి, నీటిలో బాగా కడిగి ఆరబెడతారు. అలా చేసిన గుడ్లు పది పదకొండు రోజులకు పగిలి, చీమంత నల్లటి పురుగులు మల్బరీ ఆకు కోసం పాకుతాయి.